గంటల కొలువు – కాయక ధర్మము

కాయకము అను మాట మన సమాజ సభలలో తరచుగా వినబడుచుండును. శరణుల జయంతులలో ఆ మాట పలుకకుండ వేదిక దిగు ఉపన్యాసకుడు అరుదు. అయితే మన కుటుంబములలో ఎం.ఏ., ఎం.ఎస్‌సి. పట్టములు పొంది బోధనావృత్తిని నమ్ముకొన్న యువతీయువకులు కొందరు ఆ మాట వినినప్పుడు తల వంచుకొని ఊరకుండుచున్నారు. వారి మనస్సులో ఒక ప్రశ్న కలదు. మూడు కళాశాలలలో మూడు ముక్కలుగా పాఠము చెప్పుచు, ఏ కళాశాలకును చెందక, పూర్తికాలపు ఉద్యోగమునకై ఏండ్ల తరబడి ఎదురుచూచుచున్న తమ పని కాయకమగునా, వట్టి కూలియగునా అని. ఈ ప్రశ్నను విచారించుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ముందుగా ఆ పని యెట్టిదో తెలిసికొనవలెను. విజయవాడలో కాపురముండి పార్ట్‌టైము లెక్చరరుగా జీవించువాని దినచర్య ఇంచుమించు ఇట్లుండును. ఉదయము ఆరున్నరకు నగరములోని ఒక ప్రైవేటు జూనియరు కళాశాలలో ఒక గంట. ఎనిమిది దాటకముందే పండిట్ నెహ్రూ బస్టాండు చేరి, బందరు రోడ్డు మీదుగా సుమారు ముప్పది కిలోమీటర్ల దూరమున నున్న ఉయ్యూరు పోయి డిగ్రీ విద్యార్థులకు రెండు గంటలు. అచ్చటినుండి మరొక బస్సులో గుడివాడ పోయి, మధ్యాహ్నము ఇంకొక కళాశాలలో ఒక గంట. ఈలోగా భోజనము బస్సులోనో, స్టాఫ్ రూములో ఎవరి కుర్చీయో ఖాళీగా ఉన్నచోటనో జరుగును. తనకని ఒక కుర్చీగాని, ఒక బీరువా అరగాని ఏ కళాశాలలోను ఉండదు. సాయంకాలము ఇల్లు చేరి, జవాబుపత్రముల కట్ట విప్పి, మరునాటి మూడు వేరువేరు పాఠములకు సిద్ధపడవలెను. వీనినడుమ పోటీ పరీక్షకు చదువుకొనవలెను. ఆ పరీక్షయే కదా తన్నీ తిరుగుడునుండి తప్పింపవలసినది!

దీని ఆదాయము నొకసారి లెక్కవేసి చూతము. మన పెద్దలు ఆవేదనను వినిరి గాని లెక్కను చూచినట్లు లేదు. ఉదాహరణకు గంటకు 300 రూపాయలు ఇచ్చుచున్నారని అనుకొందము. దినమునకు నాలుగు గంటలకు 1,200 రూపాయలు. బస్సులకు, టీ నీళ్ళకు 120 రూపాయలు పోగా మిగులునది 1,080. అయితే ఆ దినమున అతడు పనిచేసినది నాలుగు గంటలు మాత్రమే కాదు. ప్రయాణమునకు మూడు గంటలు, పాఠము సిద్ధపరచుటకును పత్రములు దిద్దుటకును మూడు గంటలు కలిపిన పది గంటలగును. అనగా గంటకు గిట్టుబాటగునది 108 రూపాయలు. నెలకు 22 పనిదినములు, సంవత్సరమునకు ఎనిమిది నెలలు తరగతులు జరిగినచో వచ్చు మొత్తమును పన్నెండు నెలలకు పంచగా నెలకు పదునారువేలకు లోపే తేలును. ఇంటి అద్దె కట్టువాడు, పిల్లలకు ఫీజు కట్టువాడు ఈ లెక్కను మరల విడమరచి చెప్పించుకొననక్కరలేదు.

ఇంకొక విశేషము. దసరాకు ఇంద్రకీలాద్రి జనసంద్రమైనప్పుడు ఊరంతకు పండుగ. గంటల లెక్కన బ్రదుకువానికి ఆ సెలవులన్నియు కోతలే. సంక్రాంతియు అంతే. 2024 సెప్టెంబరు మొదటి వారమున బుడమేరు పొంగి సింగ్‌నగరు ప్రాంతమంతయు నీట మునిగినప్పుడు తరగతులు నిలిచిపోయినవి. నెలజీతగాండ్రకు ఆ దినములు సెలవు దినములుగా వ్రాయబడును. గంట జరుగనిచో గంటకూలి లేదను నియమము క్రింద నున్నవాడు ఇంటిలోని బురద కడుగుకొనుచు, ఆ నెల ఆదాయములోని కోతను కూడ భరింపవలసినదే.

ఈ దుస్థితి నిన్న మొన్నటిది కాదు. రెండు శతాబ్దములకు పూర్వము మద్రాసు గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో, 1826 మార్చి 10వ తేదీన వ్రాసిన మినిట్‌లో, నాటి బడిపంతులు నెలకు ఆరేడు రూపాయలకు మించి సంపాదించుట లేదనియు, అంతటి స్వల్పాదాయము తగిన యోగ్యులను ఆ వృత్తిలోనికి ఆకర్షింపజాలదనియు స్పష్టముగా తెలిపెను. దానికి మూడేండ్ల ముందు, 1823లో, బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడులను, వానిలోని 6,641 మంది విద్యార్థులను గూర్చి నివేదిక పంపెను. నాటి బళ్ళారి జిల్లాలో నేటి మన అనంతపురము, ఆదోని ప్రాంతములును చేరియుండెను. లింగధారులైన పిల్లలు చదువు గ్రంథములలో బసవపురాణము, చెన్నబసవేశ్వర పురాణము ఉండెనని ఆ నివేదికలోనే కలదు. అనగా మన పిల్లలకు బసవని కథ నేర్పిన అయ్యవారు కూడ ఆ ఆరేడు రూపాయల పంతులే. నాడు పంట ఇంటికి వచ్చినప్పుడు బడికి గింజలు కొలిచి ఇచ్చు ఆచారము పల్లెలలో నుండెను. పంట తప్పిన ఏట పంతులును పస్తుండవలసినదే. అయినను ఆ పంతులు ఒక ఊరివాడు. అతని ఆకలి ఊరికి తెలియును. నేటివాడు మూడూళ్ళవాడై ఏ ఊరికిని కాకుండ పోయినాడు.

ఈ ముక్కల కొలువు ఎట్లు పెరిగినదో కూడ కొంత చెప్పవలెను. విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘము 2018 నిబంధనల ప్రకారము అసిస్టెంటు ప్రొఫెసరు వారమునకు 16 గంటలు నేరుగా పాఠము చెప్పవలెను. ఒక కళాశాలలో ఒక విషయమునకు పదిగంటల పని మాత్రమే ఉన్నచో యాజమాన్యము పూర్తికాలపు మనిషిని వేయదు, గంటలకు పిలుచును. మన రాష్ట్రమున 2023-24 విద్యాసంవత్సరము నుండి డిగ్రీలో మూడు ప్రధాన విషయములకు మారుగా ఒకే ప్రధాన విషయము వచ్చుటతో, విద్యార్థులు తక్కువగా కోరు విషయములకు ఈ గంటలు మరింత చెదరిపోవు పరిస్థితి యేర్పడినది. ఇది యొక కారణము. రెండవది ఇంకను పెద్దది. విజయవాడ, బందరు, గుడివాడ, తెనాలి పట్టణములలో ఒకనాడు దాతల విరాళములతో వెలసిన కళాశాలలలో ఎయిడెడ్ పోస్టులుండెడివి. అధ్యాపకునకు జీతము ప్రభుత్వమిచ్చెడిది. అట్టి పోస్టులో చేరినవాడు పదవీ విరమణ వరకు నిశ్చింతగా ఉండెడివాడు. కాలక్రమమున విరమించినవారి స్థానములు నింపుట మందగించి, అనేక కళాశాలలలో ఆ పనిని యాజమాన్యము తన సొమ్ముతో నియమించుకొన్న తాత్కాలికులు చేయజొచ్చిరి. 2021లో రాష్ట్రప్రభుత్వము ఎయిడెడ్ సంస్థల విధానమును మార్చగా, పలు సంస్థల నుండి ఎయిడెడ్ సిబ్బంది ప్రభుత్వ కళాశాలలకు, పాఠశాలలకు తరలిపోయిరి. వారు వెడలిన చోట్ల ఖాళీ అయిన గదిలో ఎవరో ఒకరు పాఠము చెప్పవలెను కదా.

ఇక ప్రభుత్వ నియామకములు. 2018 డీఎస్సీ తరువాత మరల పెద్ద యెత్తున ఉపాధ్యాయ నియామకము జరుగుటకు 2025 వరకు వేచియుండవలసి వచ్చెను. ఆ సంవత్సరము ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు ప్రకటన వెలువడినది. ఏడేండ్లు! ఇరువదియారేండ్ల వయస్సున ఆరంభించినవానికి ముప్పదిమూడు వచ్చును. దీనికన్నను దీర్ఘమైన నిరీక్షణము కలదు. 1998 డీఎస్సీలో అర్హత పొంది, వివాదములలో చిక్కుకొనిన అభ్యర్థులు వేలమందికి మన రాష్ట్రమున 2023లో, అదియును కనీస వేతన స్కేలుపై, ఒప్పంద పద్ధతిని ఉద్యోగమిచ్చిరి. పావు శతాబ్దము గడచినది. వారిలో పదవీ విరమణకు దగ్గరపడిన వయస్సువారును ఉండిరి. పిలుపు వచ్చునాటికి కొందరు కూలిపనులలో, చిన్న వ్యాపారములలో ఉండిరి.

కృష్ణా డెల్టా రైతునకు ఈ స్థితి సులభముగా బోధపడును. కాలువ మొదటనున్న చేనికి నీరు ఎప్పుడును అందును. శివారు ఆయకట్టు రైతు మాత్రము వంతు వచ్చునని రాత్రిళ్ళు గట్టున కూర్చుండును. నీరు వచ్చిన రాత్రి అతడు పొలమంతయు తడుపవలెనని ఆత్రపడును, ఎందుకనగా మరల ఎప్పుడు వచ్చునో తెలియదు. పార్ట్‌టైము అధ్యాపకుడు జూన్, జూలై మాసములలో ఎవరు పిలిచినను కాదనక ఐదవ తరగతి, ఆరవ తరగతి ఒప్పుకొనుట ఇట్టిదే. చూచువారు దానిని ఆశ అందురు. అది ఆశ కాదు, భయము.

ఈ ఆశకును భయమునకును గల భేదమును పట్టుకొనినచో శరణుల చరిత్రలోని ఒక ప్రసిద్ధ కథ మనకు క్రొత్తగా కనబడును. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ నెరుగని లింగాయతు కుటుంబముండదు. మారయ్య కల్యాణపట్టణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చెడివాడు. లక్కమ్మ వానిని వండి, లింగజంగమములకు సమర్పించి, మిగిలినదానితో ఇరువురు జీవించెడివారు. ఒకనాడు మారయ్య అనుభవమంటపమున అల్లమప్రభువుతోడి గోష్ఠిలో మైమరచి కూర్చుండెను. లక్కమ్మ వచ్చి, నీ కాయకము నిలిచిపోయినది, లెమ్మని హెచ్చరించెను. అతడు త్వరత్వరగా పోయి గింజలు ఏరి తెచ్చెను. ఆనాడు మూట బరువుగా నుండెను. నిత్యము తెచ్చు కొలతకన్న మించిన బియ్యమును చూచి ఆ తల్లి సంతోషింపలేదు. ఇంత ఎందుకు తెచ్చితివి, ఈ ఆశ మనకేల యని మందలించి, మిగులు బియ్యమును తీసికొనిపోయి ఎక్కడివక్కడ పోసిరమ్మనెను.

ఈ కథను మనము సాధారణముగా సంతృప్తికి దృష్టాంతముగా చెప్పుదుము. ఉన్నదానితో తృప్తిపడుడు, ఎక్కువ కోరకుడు అని ముగింతుము. విద్యాసంస్థలు నడుపు కొందరు ఈ కథనే తమ సిబ్బందికి చెప్పుటయు కలదు. అట్లు చెప్పుట న్యాయమా?

మారయ్య ప్రతిదినము ఎక్కడ ఏరెను? మహామనె ముంగిట. ఆ ముంగిట గింజలు ఏల రాలెను? ఆ ఇంట దాసోహము ఎడతెగక జరుగుచుండుటచే. నిన్న రాలినవి, నేడు రాలినవి, రేపును రాలును. ఆ నిశ్చయము ఉన్నది గనుకనే లక్కమ్మ రేపటి బియ్యమును నేడు ఇంట పెట్టుకొనుటను తప్పు అనగలిగెను. రేపు ముంగిలి మూయబడునని, మార్చి ముగియగానే మూడు నెలలు గింజ రాలదని ఆమెకు తెలిసియున్నచో? అప్పుడును ఆ మూటను తిరిగి పంపియుండునేమో, ఆమె మహాశరణి. కాని ఆ కథను ఇతరులకు చెప్పుటకు ముందు ముంగిలి తెరచియుంచు బాధ్యత ఎవరిదో చూడవలెను. కథలో ఒకవైపు లక్కమ్మ నిరాశ కలదు, మరియొకవైపు బసవన్న దాసోహము కలదు. రెండవదానిని దాచి మొదటిదానిని మాత్రమే ఉపదేశించుట శరణమార్గము కాదు. కాయకమును, దాసోహమును బసవాది ప్రమథులు జంటగా చెప్పిరి. ఒకటి పనిచేయువాని ధర్మము. రెండవది కలిగినవాని ధర్మము. రేపటి భరోసా ఇచ్చినవాడే నేటి సంతృప్తిని అడుగుటకు అర్హుడు.

కాయకమునకు కూలి ఉండరాదని శరణులు చెప్పలేదు. నులియ చందయ్య గడ్డి కోసి, త్రాళ్ళు పేని, అమ్మి జీవించెను. మోళిగె మారయ్య కట్టెలమోపు అమ్మెను. అంబిగ చౌడయ్య పడవ నడిపెను. చందయ్య తన త్రాటికి న్యాయమైన వెలకన్న ఎక్కువ ముట్టినప్పుడు అంగీకరింపలేదని చెప్పుదురు. మించిన వెల కూడదనుటలోనే సరియైన వెల యొకటి కలదను అర్థమున్నది. తగ్గిన వెలను ఇచ్చువాడు కూడ ఆ సరిహద్దును దాటినవాడే. బసవేశ్వరుడును లెక్కలు వ్రాయు ఉద్యోగముతోనే జీవితము నారంభించి భాండాగారాధిపతి యయ్యెనని చరిత్ర చెప్పుచున్నది. లెక్క అడుగుట భక్తికి విరుద్ధమని ఆయన సంప్రదాయమువారు అనరాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణము రావచ్చును. మన పెద్దలే తక్కువ జీతములకు పనిచేసి సంస్థలను నిలిపిరి కదా యని. నిజమే. 1916లో బెళగావిలో కర్ణాటక లింగాయత విద్యాసంస్థను ఏడుగురు స్థాపించిరి. వారిని సప్తర్షులని నేటికిని గౌరవింతురు. వారు తమ సుఖములను వదలుకొని ఒక చిన్న పాఠశాలతో మొదలిడిన ఆ సంస్థ నేడు ఎంతటిదైనదో అందరకు తెలియును. అయితే వారి త్యాగము వారు తాము కోరుకొన్నది. ఆ సంస్థ వారిది, నిర్ణయము వారిది, ఆశయము వారిది. నిర్ణయములో పాలులేనివాని జీతమును తగ్గించి, దానికి త్యాగమని పేరిడుట వేరు. ఒకరు చేసిన త్యాగమును మరియొకరు తమ జమాలో వ్రాసికొనరాదు.

చట్టమును న్యాయస్థానములును ఈ విషయమున ఏమి చెప్పినవో తెలిసియుండుట మంచిది. తాత్కాలిక ఉద్యోగులు శాశ్వతోద్యోగులతో సమానమైన పని చేసినప్పుడు ఆ స్కేలులోని కనీస వేతనమునకు అర్హులని సుప్రీంకోర్టు 2016 అక్టోబరు 26న పంజాబు ప్రభుత్వమునకు సంబంధించిన వ్యాజ్యమున తీర్పిచ్చెను. 2025 ఆగస్టులో గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలల ఒప్పంద అధ్యాపకుల విషయమునను అదే న్యాయమును నిలిపి, గురువును దైవమని శ్లోకము చెప్పి ఊరకున్న చాలదు, ఆ గౌరవము వేతనమునందును కనబడవలెనను భావమును వ్యక్తపరచెను. గ్రాంటుల సంఘము 2019 జనవరిలో గెస్టు ఫ్యాకల్టీకి ఉపన్యాసమునకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండ అని నిర్ణయించెను. ఆ రేటునకును, మన పట్టణములలో అనేకులకు ముట్టుచున్నదానికిని నడుమ నున్న దూరము గుడివాడ దూరముకన్న ఎక్కువ.

మన రాష్ట్రమున 1994లో వచ్చిన చట్టము తాత్కాలిక నియామకములను కట్టడి చేసినది. ఆ సంవత్సరమే, 1993 నవంబరు 25 నాటికి ఐదేండ్ల సేవ ఉన్నవారిని క్రమబద్ధీకరించుటకు ఉత్తర్వు వెలువడినది. 2023లో ఒప్పంద ఉద్యోగుల క్రమబద్ధీకరణకు మరియొక చట్టము వచ్చినది, అందు 2014 జూన్ 2వ తేదీ గీత అయినది. ఇట్టి సందర్భములన్నింటను గెలిచినది చేతిలో కాగితమున్నవాడు. మంజూరైన పోస్టులో నియమించిన ఉత్తర్వు, చేరిన తేదీ, జీతము ముట్టిన దాఖలా ఉన్నవాడు అర్జీ పెట్టగలిగెను. పదేండ్లు పాఠము చెప్పియు నోటిమాటపై నడచినవాడు గీతకు ఇవతలనే నిలిచిపోయెను.

కావున మన యువ అధ్యాపకులకు చెప్పవలసిన మొదటి మాట భక్తివిషయము కాదు, పుస్తకవిషయము. ఒక నోటుపుస్తకము పెట్టుకొనుడు. ఏ తేదీన, ఏ కళాశాలలో, ఏ తరగతికి, ఎన్ని గంటలు చెప్పితిరో వ్రాయుడు. జూన్‌లో చేరునప్పుడే వ్రాతపూర్వకమైన ఉత్తర్వు అడుగుడు. ఇయ్యనిచో, చేరినట్లు మీరే ఒక లేఖ వ్రాసి కార్యాలయములో ఇచ్చి నకలుపై ముద్ర వేయించుకొనుడు. జీతమును బ్యాంకు ద్వారా కోరుడు. విద్యాసంవత్సరము ముగియగానే అనుభవ ధ్రువపత్రమును పుచ్చుకొనుడు, రెండేండ్ల తరువాత అడిగినచో ప్రిన్సిపాలు మారియుండును, గుమాస్తా మారియుండును. భవిష్యనిధి కోత ఉన్నచో ఆ సంఖ్యను భద్రపరచుకొనుడు. గ్రాట్యుటీ ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకును చెందునని 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు స్థిరపరచిన సంగతి మన ఉపాధ్యాయులలో పలువురకు ఇంకను తెలియదు.

రెండవ మాట కొంత కఠినము. ఎన్ని గంటలవరకు పాఠము పాఠముగా నుండును? దినమునకు నాలుగు గంటలు చెప్పినవాడు ఐదవ గంటను కూడ చెప్పగలడు, ఆరవ గంటలో మాత్రము మొదటి గంటలోని మాటలనే గొంతు వల్లించుచుండును, మనస్సు బస్సు వేళను చూచుచుండును. ఎదుట కూర్చున్న విద్యార్థి దివిసీమనుండి తొలి బస్సులో వచ్చినవాడు కావచ్చును, తన ఇంట కళాశాల గడప త్రొక్కిన మొదటివాడు కావచ్చును. అతనికి ఈ అధ్యాపకుడు పార్ట్‌టైమా, ఫుల్‌టైమా అను భేదము తెలియదు. అతనికి ఆ గంట పూర్తి గంటయే. మారయ్య అల్లమప్రభువు గోష్ఠిలో నున్నను లక్కమ్మ క్షమింపలేదు. శివగోష్ఠియే కాయకమునకు సాకు కానప్పుడు బస్సు ఆలస్యము ఎట్లగును? కనుక ఒప్పుకొనునప్పుడే లెక్క చూచుకొని, ప్రయాణము నడుమ వచ్చు ఒక తరగతిని వదలుకొని, ఆ రెండు గంటలను పోటీ పరీక్షకు, నెట్ లేక సెట్ పరీక్షకు కేటాయించుట మేలు. వదలుకొన్న తరగతికి నెలకు ఐదారువేలు పోవును. ఆ లోటు ఎవరు భరింపవలెను? ఇచ్చటనే కుటుంబము, సమాజము, మఠము ముందుకు రావలెను.

కుటుంబమును గూర్చి క్లుప్తముగా చెప్పుదును. ఉద్యోగము స్థిరపడలేదని అల్లుని చిన్నచూపు చూచుట, సంబంధము వచ్చినప్పుడు "ఇంకను పార్ట్‌టైమేనా" యని పెదవి విరుచుట మన ఇండ్లలోను జరుగుచున్నది. స్త్రీలైనచో మరియును, గంటల కొలువు వారికి సరిపోవు పనియని ముందే తేల్చివేయుదురు. చేయు వృత్తినిబట్టి మనిషిని తక్కువచేయరాదని కల్యాణమున చెప్పినవారి సంతతికి ఈ లెక్క ఎచ్చటనుండి వచ్చినదో నాకు బోధపడదు.

మఠములను గూర్చియు, మనవారు నడుపు ట్రస్టు పాఠశాలలను గూర్చియు కొంత నిలిచి చెప్పవలెను. తుమకూరు సిద్ధగంగా మఠమున వేలాది బాలురకు కులభేదము లేక అన్నము, వసతి, విద్య లభించుచుండుట లోకవిదితము. 2019 జనవరి 21న 111 ఏండ్ల వయస్సున లింగైక్యము చెందిన శివకుమార మహాస్వామివారు దానిని ఎట్లు పెంచిరో మనము గర్వముగా చెప్పుకొందుము. కృష్ణాతీరమున అంతటి మఠము లేకపోవచ్చును. అయినను కూడలసంగమమున మలప్రభను కలుపుకొని బసవని పాదధూళి నంటిన ఆ కృష్ణయే మన ప్రకాశం బరాజు వద్దకు వచ్చుచున్నది. విజయవాటిక పండితత్రయములోని శ్రీపతిపండితుని నెలవని మన సంప్రదాయము. ఇంతటి చోట దాసోహము పండుగనాటి పంక్తిభోజనముతో ముగియవలెనా? విద్యార్థికి అన్నము పెట్టుట దాసోహమైనచో, ఆ విద్యార్థికి పాఠము చెప్పువానికి మే నెలలో జీతమిచ్చుట దాసోహము కాదా?

2020 మార్చిలో కరోనా కారణమున బడులు మూతపడినప్పుడు ఈ ప్రశ్న నగ్నముగా నిలిచినది. నెల్లూరులో ఒక తెలుగు అధ్యాపకుడు అరటిపండ్ల బండి పెట్టుకొన్న సంగతి పత్రికలలో వచ్చినది. సెలవులలో ఇంటింటికి తిరిగి క్రొత్త విద్యార్థులను చేర్పింపవలెనను లక్ష్యమును అందుకొనలేకపోవుటయు అతని ఉద్యోగము పోవుటకు కారణముగా చెప్పబడినది. పాఠము చెప్పువానిని పిల్లల వేటకు పంపు ఈ ఆచారము డెల్టా గ్రామములలోను వేసవి వచ్చినచో కనబడును. పొరుగు తెలంగాణ ప్రభుత్వము 2021 ఏప్రిల్ నుండి ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు రెండువేల రూపాయలు, 25 కిలోల బియ్యము ఇచ్చెను. ఆ సాయము చిన్నదే. కాని బియ్యపు మూటను భుజమున వేసికొని ఉపాధ్యాయుడు ఇల్లు చేరిన ఆ దృశ్యమును తలచినప్పుడు మారయ్య జ్ఞప్తికి రాకమానడు.

మన సంస్థలు చేయదగినది ఆకాశమునుండి దిగిరానక్కరలేదు. మూడు ట్రస్టులు ఒకే పట్టణమున ఉండి, మూడింటికిని వారమునకు ఆరేసి గంటల తెలుగో, గణితమో కావలసియున్నచో, ముగ్గురు తాత్కాలికులను పిలుచుటకు మారుగా మువ్వురును కలసి ఒకనిని పూర్తికాలమునకు నియమించి, వ్యయమును పంచుకొనవచ్చును. పదునెనిమిది గంటలనగా పూర్తి ఉద్యోగమే. అంతకన్న చిన్నపని, గంటలవారీగా లెక్కించిన సంవత్సరపు మొత్తమునే పన్నెండు సమభాగములుచేసి నెలనెల చెల్లించుట. దీనికి ట్రస్టునకు ఒక రూపాయియు అదనముగా ఖర్చుకాదు, అధ్యాపకుడు మాత్రము ఏప్రిల్, మే నెలలలో అప్పునకు పోకుండును. పరీక్ష దగ్గరపడినప్పుడు రెండు నెలలు విజయవాడలో ఉండి చదువుకొనగోరు పల్లెవారికి మఠములోని ఒక గదిని, రెండుపూటల ప్రసాదమును ఇయ్యవచ్చును. శ్రావణమాసపు విరాళములలో ఎనిమిదవ వంతు దీనికి చాలును.

టైంటేబులు వ్రాయువారికి ఒక మనవి. గంటలకు వచ్చు అధ్యాపకుని మొదటి పీరియడును, చివరి పీరియడును వేసి నడుమ నాలుగు గంటలు వరండాలో కూర్చుండబెట్టు అలవాటును మానుడు. అతని రెండు గంటలు ప్రక్కప్రక్కనే వేయుడు. మధ్యాహ్నము పండ్రెండున్నరకు అతడు గుడివాడ బస్సు అందుకొనును.